బ్యాంకు కోచింగ్ నుంచి మిర్చి ల్యాబ్‌కు: గుంటూరులో ఒక ఉద్యోగ పొంతన కేసు

అభ్యర్థి వయసు 25. ఎంపీసీతో బీఎస్సీ, 71 శాతం మార్కులు. డిగ్రీ అయ్యాక మూడేళ్లుగా బ్యాంకు పరీక్షల కోచింగ్. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్ రెండుసార్లు దాటింది, మెయిన్స్‌లో ఆగింది. పీఓ (బ్యాంకు ఆఫీసరు) ప్రిలిమ్స్ ఒక్కసారీ దాటలేదు. నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా, అమ్మ ఇంటి దగ్గర బట్టలు కుడుతుంది, తమ్ముడు డిప్లొమా చదువుతున్నాడు. ఊరు గుంటూరుకు 18 కిలోమీటర్లు, ఊళ్లోకి ఆఖరి బస్సు రాత్రి 8.15కి. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాం.

ఎవరికి ఏ ఉద్యోగం పొసగుతుందో చూసి చెప్పడం మా పని. మా దగ్గరకు ఆమె తెచ్చిన ప్రశ్న ఒకటే: "ఇంకో ఏడాది చదవనా, బీఈడీలో చేరనా?"

ఇలా రెండే దారులతో వచ్చేవాళ్ల విషయంలో ముందు అడగాల్సింది, ఆ రెండూ ఎవరు చెప్పారని. బ్యాంకు మాట డిగ్రీ చివరి ఏడాది స్నేహితురాళ్లు చెప్పింది. బీఈడీ మాట పెద్దమ్మది. మూడేళ్లలో ఆమె తనంతట తాను వెతికి చూసిన ఉద్యోగం ఒక్కటీ లేదు. అందుకే ఆ ప్రశ్నకు మొదటి రోజు జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే అది మూడో మనిషి సలహా అయ్యేది, అంతే.

మాక్ టెస్టు కాగితాల్లో దొరికింది

మొదటి సమావేశానికి సర్టిఫికెట్లతో పాటు పాత మాక్ టెస్టుల స్కోరు షీట్లు కూడా తెమ్మంటాం. చాలామంది సిగ్గుపడి తేరు. మనిషి పని తీరు నిజాయితీగా నమోదైన కాగితాలు అవే, కాబట్టి పట్టుబట్టి తెప్పించాలి.

ప్రిలిమ్స్ అంటే గంటలో 100 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఆమె షీట్లలో సగటున రాసినవి 52, వాటిలో సరైనవి 48. అంటే 47 మార్కులు. ఫ్యాకల్టీ "స్పీడు పెంచాలమ్మా" అన్నప్పుడు 75 దాకా రాసింది. సరైనవి 54, తప్పులు 21. కోత పోను 48.75. ఇరవై మూడు ప్రశ్నలు ఎక్కువ రాస్తే పెరిగింది రెండు మార్కుల లోపే.

ఈ లెక్కను ఆమె ఇన్నాళ్లూ "నాకు తెలివి చాలదు" అని చదువుకుంది. కాగితం చెబుతున్నది వేరు. తన వేగంలో తాను చేస్తే వంద పనుల్లో తొంభై రెండు తప్పులేకుండా చేస్తుంది. తొందరపెడితే ఆ శుద్ధత 72కు పడిపోతుంది. అంటే వేగానికి ముందు మార్కు వేసే పరీక్షలో, తప్పు జరగకపోవడమే తన బలమైన మనిషి మూడేళ్లు నలిగిపోయింది. ఒక తప్పు ఖరీదు పెద్దది, ఒక నిమిషం ఆలస్యం ఖరీదు చిన్నది అయిన పనులు ఏవి? ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూ నడిచింది.

ఆసక్తి కొలత, అది తప్పుదారి పట్టే చోటు

1909 నాటికే అమెరికాలో ఫ్రాంక్ పార్సన్స్ ఈ పనికి మూడు మెట్లు చెప్పాడు: మనిషిని తెలుసుకోవడం, పనిని తెలుసుకోవడం, రెండింటినీ తర్కంతో కలపడం. 1959లో జాన్ హాలండ్ ఆసక్తుల్ని ఆరు రకాలుగా విడదీశాడు. మేం వాటిని చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, పద్ధతి అని పిలుస్తాం. ఆ ఆరింటినీ కొలిచేందుకు అమెరికా కార్మిక శాఖ ఉచితంగా ఇస్తున్న ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ చిన్న రూపంలో 60 వాక్యాలు ఉంటాయి. ఒక్కో రకానికి పది వాక్యాలు, ఒక్కో దానికి 0 నుంచి 4 మార్కులు, రకానికి గరిష్ఠం 40.

మొదటిసారి తనంతట తాను నింపినప్పుడు వచ్చినవి: చేతిపని 9, పరిశోధన 21, కళ 14, సేవ 23, వ్యాపారం 10, పద్ధతి 27. ఇవి పట్టుకుని చూస్తే పద్ధతి, సేవ ముందున్నాయి. బ్యాంకు కౌంటరో, టీచరు ఉద్యోగమో అని చెప్పి పంపేయొచ్చు. చాలా చోట్ల జరుగుతున్నది ఇదే.

ఇక్కడ రెండు లోపాలు దాగి ఉన్నాయి. ఒకటి, మనవాళ్లు పనికి కాక పని హోదాకు మార్కు వేస్తారు. ఆ ప్రశ్నావళిలో చేపపిల్లల హేచరీలో చేపలు పెంచడం, ఇటుక లేదా టైల్స్ పరచడం లాంటి వాక్యాలు ఉంటాయి. కృష్ణా, గుంటూరు వైపు అభ్యర్థి మనసులో అది చెరువు మీద కూలీ, తాపీ మేస్త్రీ. వెంటనే సున్నా. ఆ పనిలో నీటి ఉప్పదనం కొలవడం, లెవెల్ చూడటం తనకు నచ్చుతాయో లేదో ఆలోచనే రాదు. ఆడపిల్లల్లో చేతిపని మార్కు పడిపోవడానికి ఇదీ ఒక కారణం. స్క్రూడ్రైవరు చేతికివ్వని ఇంట్లో పెరిగిన మనిషికి దాని మీద ఆసక్తి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? రెండోది, సేవ వాక్యాలకు "మంచి అమ్మాయి" జవాబులు వస్తాయి. ఇతరులకు సాయం చేయడం ఇష్టం లేదని రాయడానికి చెయ్యి రాదు.

దీనికి మందు, ప్రతి "చాలా ఇష్టం" పక్కన గత రెండేళ్లలో నిజంగా చేసిన ఒక పని రాయించడం. రాయలేకపోతే మార్కు ఒకటి తగ్గిస్తాం. తెలియని పనులకు చేసే విధానం రెండు వాక్యాల్లో చెప్పి, హోదా మాట పక్కన పెట్టి మళ్లీ మార్కు వేయిస్తాం. రెండోసారి కొలతకు కనీసం మూడు వారాల ఎడం ఉండాలి, అదీ ఏదైనా పరీక్ష ఫలితం వచ్చిన వారంలో కాకుండా. ఫెయిలైన బాధలో నింపితే ఆరు మార్కులూ చదునుగా వస్తాయి, దానిలోంచి ఏమీ చదవలేం.

"పిల్లలకు పాఠం చెప్పడం చాలా ఇష్టం అని రాశారు. ఆఖరిసారి ఎవరికి చెప్పారమ్మా?"

"మా పక్కింటి బాబుకండీ. రెండు రోజులు చెప్పి మానేశాను. వాడు వినడు, నాకు ఓపిక ఉండదు."

ఇష్టంగా చేసిన పనుల గురించి అడిగితే వేరే సరుకు బయటపడింది. అమ్మ కుట్టే జాకెట్ల కొలతల పుస్తకం నాలుగేళ్లుగా తనే రాస్తోంది, ఎవరి కొలత ఎప్పుడు మారిందో తేదీతో సహా. డిగ్రీలో టైట్రేషన్ ప్రాక్టికల్ అయ్యాక రెండు రీడింగులు కలవకపోతే మూడోసారి చేసేదాకా బల్ల వదిలేది కాదట. నాన్న కొట్టు చిట్టాలో కూడిక తప్పు పట్టుకుని రాత్రి పదింటికి ఫోన్ చేయించిందట. రెండో కొలతలో చేతిపని 19, పరిశోధన 28, కళ 13, సేవ 18, వ్యాపారం 9, పద్ధతి 31 వచ్చాయి. పద్ధతి, పరిశోధన, చేతిపని: ఈ మూడూ కలిసే చోటు కౌంటరు కాదు, తరగతి గదీ కాదు. ఎక్కువగా అది ప్రయోగశాల.

చేయించి చూడటం

ప్రశ్నావళి ఇష్టాన్ని కొలుస్తుంది, చేతనవడాన్ని కొలవదు. రెండోదానికి పని చేయించి చూడాల్సిందే. ఖర్చు లేకుండా గంటన్నరలో అయ్యే మూడు పనులు ఇచ్చాం.

మొదటిది 200 వరుసల సరుకు రిజిస్టరును అసలు చీటీలతో సరిచూడటం. అందులో కావాలని పెట్టిన తప్పులు 12. అంకెలు తారుమారైనవి కొన్ని, తేదీ మారినవి కొన్ని, కిలోలకు బదులు గ్రాములు పడ్డవి రెండు. ఇచ్చిన సమయం 30 నిమిషాలు. ఆమెకు 38 పట్టింది, పన్నెండుకు పన్నెండూ పట్టుకుంది. రెండోది నగల కాటా మీద 5 గ్రాముల చొప్పున ఉప్పు పది పొట్లాలు తూచి, మళ్లీ ఒక్కోటీ తూచి తేడా రాయడం. చెప్పకుండానే ప్రతి మూడు పొట్లాలకు ఒకసారి కాటాను సున్నాకు తెచ్చింది. నేర్పిస్తే ఎవరైనా చేస్తారు, నేర్పకుండా చేయడమే ఇక్కడ గమనించాల్సింది. మూడోది తను చేసిన పద్ధతిని వేరే మనిషి చదివి చేసేలా అర పేజీలో రాయడం. ఇందులో బలహీనంగా ఉంది. మెట్లు రాసింది గానీ ఏ మెట్టు ఎందుకో రాయలేదు. మౌఖికంగా అడిగితే చెప్పగలిగింది. రిపోర్టు రాసే అభ్యాసం అవసరమని నోట్ చేసుకున్నాం.

జాబితా వడకట్టడం

ఉద్యోగాల జాబితా తలలోంచి తీయకూడదు. తీస్తే మనకు తెలిసిన పది పేర్లే వస్తాయి. నేషనల్ క్లాసిఫికేషన్ ఆఫ్ ఆక్యుపేషన్స్ 2015లో ఉద్యోగాలు పని తీరును బట్టి కోడ్‌లుగా ఉంటాయి. అభ్యర్థి చేతిలో ఉన్న పనుల్ని బట్టి ఉద్యోగ కుటుంబాలు (ఒకే తీరు పనుల గుంపులు) ఎంచుకుని, వాటిలో ఇంటి నుంచి గంట దూరంలో నిజంగా దొరికేవి ఏవో చూడాలి. ఆమెకు దగ్గరగా వచ్చిన కుటుంబాలు 3111 (రసాయన, భౌతిక శాస్త్ర టెక్నీషియన్లు), 3212 (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్లు), 7515 (ఆహార పదార్థాల గ్రేడర్లు).

మెడికల్ ల్యాబ్ త్వరగానే పోయింది. బీఎస్సీ కెమిస్ట్రీ దానికి చాలదు. రెండేళ్ల డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ డిప్లొమా), పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కావాలి. ఫార్మా క్వాలిటీ కంట్రోల్ చదువుకు సరిపోతుంది గానీ కంపెనీలు ఎక్కువగా విశాఖ వైపు పరవాడలో, హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నాయి. ఇల్లు కదలాలి. డెయిరీ ల్యాబ్ దగ్గరే ఉంది, వడ్లమూడిలో ఒకటి, విజయవాడలో ఒకటి. పాలలో కొవ్వు చూసే గెర్బర్ పద్ధతి ఆమె ఒక్క రోజులో నేర్చుకోగలదు: 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటర్ అమైల్ ఆల్కహాల్, తర్వాత సెంట్రిఫ్యూజ్. కానీ పాలు తెల్లవారుజామున, రాత్రి కూడా దిగుతాయి. షిఫ్టు తప్పదు. ఆఖరి బస్సు 8.15కి అయితే అది పెద్ద అడ్డంకి.

మిగిలింది మిర్చి. గుంటూరు యార్డు చుట్టూ ఎగుమతిదార్లు, పొడి మిల్లులు, ఒలియోరెసిన్ (మిర్చి నుంచి తీసే రంగు, ఘాటు సారం) యూనిట్లు ఉన్నాయి. యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు ఉంది, స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది. ఎగుమతి చేసే యూనిట్‌కు పరీక్ష కాగితం లేకుండా కంటైనర్ కదలదు. యార్డులో గుమాస్తా కూతురు, యార్డు పక్కనే తన చదువుకు సరిపడే ల్యాబ్‌లు ఉన్నాయని వినలేదంటే ఆశ్చర్యం లేదు. వాళ్లింట్లో మిర్చి అంటే టిక్కీలు (మిర్చి బస్తాలు), ముఠా కార్మికులు, తుమ్ములు.

ఇంట్లో మాట

ఈ మాట చెప్పిన రోజే నాన్న కలవడానికి వచ్చారు.

"మేడమ్, ఇరవై ఏళ్లు ఆ ఘాటులో తుమ్ముతూ బతికాను. దాన్ని కూడా అక్కడికే పంపమంటారా? అందుకా డిగ్రీ చదివించింది?"

ఈ బాధను వాదనతో కొట్టేయకూడదు. ఆయన చెప్పింది నిజం. మిర్చి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకే వాదించే బదులు రెండు కోరాం. ఒకటి, నిర్ణయం కాదు, ఒక మిర్చి యూనిట్ ల్యాబ్‌లో పది పని దినాల అనుభవం మాత్రమే. రెండు, మొదటి రోజు ఆయన కూడా ల్యాబ్ చూడాలి. ఒప్పుకున్నారు. చూసి వచ్చాక ఆయన అన్న మాట: "గొడౌను వేరు, ల్యాబ్ గది వేరండీ. గ్రైండింగ్ చేసే మూల మాత్రం చూసుకోవాలి." ఆ ఒక్క మాట ఆ తర్వాతి పనికి చాలా పనికొచ్చింది.

పది రోజులు ల్యాబ్‌లో

సమాచార సేకరణ సంభాషణల కన్నా ఇలా కూర్చోబెట్టడమే నమ్మదగ్గది. ఎవరినైనా "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడిగితే మంచి రోజు గురించో, చెడ్డ రోజు గురించో చెబుతారు. సాదా మంగళవారం గురించి ఎవరూ చెప్పరు. అరగంటకొక వరుస ఉండే చిట్టా ఇచ్చి నాలుగు గడులు నింపమన్నాం: చేసిన పని, ఒంటికి ఎలా ఉంది, సమయం తెలిసిందా తెలియలేదా, రేపు మళ్లీ ఇదే చేయమంటే సరేనా. సాయంత్రం కూర్చుని నింపితే పనికిరాదు. అప్పటికప్పుడు నింపాలి. రోజు చివర మనసుకు ఆఖరి అరగంటే గుర్తుంటుంది.

ఆమె చేసినవి ఇవి. లోడు నుంచి వచ్చిన మచ్చును (శాంపిల్‌ను) నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, మళ్లీ మళ్లీ తగ్గించి ల్యాబ్ మచ్చు తీయడం. తాలు (రంగు పోయిన) కాయలు, విరిగినవి, గింజలు విడివిడిగా తూచడం. తేమ చూడటం. ఎండుమిరపకు ఆహార భద్రత నియమాల్లో తేమ 11 శాతం మించకూడదు. మిరపలో ఆవిరయ్యే నూనెలు కూడా ఉంటాయి కాబట్టి ఓవెన్‌లో ఎండబెట్టి తూకం తగ్గుదల చూస్తే అదీ నీటి లెక్కలో కలిసిపోతుంది. అందుకే టోలీన్ అనే ద్రావకంతో మరిగించి, వేరైన నీటిని గొట్టంలో కొలుస్తారు. ఓవెన్, మాయిశ్చర్ మీటర్ తొందరగా చూసుకోవడానికే. ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం దాటితే కళ్లంలో ఇసుక కలిసిందని అర్థం.

రంగు పరీక్ష ఆమెకు బాగా పట్టింది. 70 నుంచి 100 మిల్లీగ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో వేసి, చీకట్లో 16 గంటలు ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగు ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరం) రీడింగ్ తీస్తారు. దాన్ని 16.4తో, పరికరం సవరణ అంకెతో గుణించి, మచ్చు గ్రాములతో భాగిస్తే ఆస్టా (అమెరికా మసాలా వ్యాపారుల సంఘం) కొలతలో రంగు విలువ. 80 మిల్లీగ్రాములు తూచేటప్పుడు ఒక్క మిల్లీగ్రాము తప్పితే జవాబులో 1.25 శాతం తేడా వస్తుంది. మాక్ టెస్టులో శాపమైన ఆమె నిదానం ఈ కాటా దగ్గర జీతం తెచ్చే గుణం. ల్యాబ్ ఇన్‌చార్జి మూడో రోజు నుంచి రంగు మచ్చులన్నీ ఆమె చేతనే తూయించారు. అది మేం చెప్పి చేయించింది కాదు.

హెచ్‌పీఎల్‌సీ అనే, పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం మీద ఘాటు, అఫ్లటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) పరీక్షలు చూసింది, చేయలేదు. యూరప్‌కు వెళ్లే మిరపలో అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటకూడదు. అంత చిన్న అంకె కోసం పడే జాగ్రత్త చూసి ఆ రోజు చిట్టాలో "సమయం తెలియలేదు" అని వరుసగా ఏడుసార్లు రాసుకుంది.

మొత్తం 142 అరగంటల్లో 97కు "మళ్లీ సరే", 31కి "పర్వాలేదు", 14కు "వద్దు". ఆ పద్నాలుగు ఎక్కడున్నాయో చూడటమే ముఖ్యం. తొమ్మిది గ్రైండింగ్ మూల దగ్గర పొడి వల్ల. ఐదు, కొనుగోలు విభాగం వాళ్లు రీడింగ్ ఎప్పుడొస్తుందని నిలబడి అడిగిన సందర్భాలు. మొదటిది పరికరాలతో సరిదిద్దొచ్చు. రెండోది పనిలో భాగం, పోదు. దానికి ఆమె సిద్ధపడాలి.

తూకపు పట్టిక, అది ఎక్కడ ఊగింది

నిర్ణయానికి ఐదు అంశాలకు వందలో తూకం ఇవ్వమన్నాం. ఉద్యోగాలకు మార్కులు వేయకముందే ఆ తూకాలు కాగితం మీద రాసి సంతకం చేయించాం. మొత్తాలు చూశాక తూకం మార్చడం మనిషి సహజం, అప్పుడు పట్టిక ముందే తీసుకున్న నిర్ణయానికి ముసుగు అవుతుంది. ఆమె తూకాలు: రోజువారీ పని 30, చేతనైనది 25, ప్రయాణం, వేళలు 20, జీతం 15, ఎదుగుదల 10. ప్రతి దానికి పదికి మార్కులు వేస్తే మిర్చి ల్యాబ్ 740, వస్తే బ్యాంకు ఉద్యోగం 675, డెయిరీ ల్యాబ్ 630, బీఈడీ తర్వాత ప్రైవేటు టీచరు 525.

ఇక్కడితో ఆగకూడదు. జీతం తూకం 30కి పెంచి, రోజువారీ పని 15కు తగ్గిస్తే ల్యాబ్ 695, బ్యాంకు 705. తలకిందులైంది. అంటే ఈ నిర్ణయమంతా ఇంటికి జీతం ఎంత అవసరమన్న ఒక్క ప్రశ్న మీద నిలబడింది. అది ఆమె ఒక్కతే తేల్చేది కాదు. అమ్మానాన్నలను కూర్చోబెట్టి నెల ఖర్చు, తమ్ముడి ఫీజు, బాకీ లెక్క వేయించాం. తమ్ముడి డిప్లొమా ఏడాదిలో అయిపోతుంది, బాకీ కొట్టు యజమాని దగ్గర చేబదులు మాత్రమే. ఆమె జీతం ఇంటికి ఊతమే గానీ ఆధారం కాదని నాన్నే తేల్చారు. ఇంకో మాట కూడా పట్టికలో ఉండదు: బ్యాంకు 675 అనేది ఉద్యోగం వస్తే. ల్యాబ్ 740 చేతికి అందే దూరంలో ఉంది.

బ్యాంకు తలుపు మూయలేదు. క్లర్క్ పరీక్షకు వయోపరిమితి 28, రిజర్వేషన్ వర్తిస్తే సడలింపు. ఏటా ఒకసారి రాయొచ్చు, కోచింగ్ ఫీజు మాత్రం ఇక కట్టనక్కర్లేదు.

జీతం లెక్క

పది రోజులు అయ్యాక అదే యూనిట్ ట్రైనీ కెమిస్టుగా రమ్మంది. చెప్పిన జీతం 16,000. చేతికొచ్చేది అది కాదు. ఇది ముందే వేసి చూపకపోతే మొదటి నెలే ఇంట్లో గొడవ. బేసిక్, డీఏ కలిపి 10,000 కాబట్టి పీఎఫ్ 12 శాతం 1,200. ఈఎస్‌ఐ మొత్తం మీద 0.75 శాతం, 120. వృత్తి పన్ను 15,001 నుంచి 20,000 మధ్య వాళ్లకు 150. చేతికి 14,530. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు పోయింది, కానీ బస్సు వేళ పోలేదు. సీజన్‌లో పని వేళ 7 దాటితే ఇంటికి చేర్చే బాధ్యత యూనిట్‌దని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోమన్నాం. నోటి మాటగా ఉంటే మార్చిలో ఎవరికీ గుర్తుండదు. రాసిచ్చారు.

రెజ్యూమెలో మూడేళ్ల ఖాళీని దాచలేదు. "బ్యాంకు పరీక్షల తయారీ" అని ఒక వరుస, దాని కింద పది రోజుల ల్యాబ్ పని: తేమ, రంగు, బూడిద, మచ్చు తీత, ఏ పద్ధతి, ఎన్ని మచ్చులు. ఇంటర్వ్యూలో ఖాళీ గురించి అడిగితే ఒక్క వాక్యం చాలు, తర్వాత చేసిన పని గురించి మాట్లాడాలని చెప్పాం. బీఎస్సీ పిల్లలు ఎక్కువగా తడబడేది "టైట్రేషన్ ఎండ్ పాయింట్ దాటితే ఏం చేస్తావు" లాంటి చిన్న ప్రశ్నలకు. దీని మీద రెండు సాయంత్రాలు కూర్చోబెట్టాం.

చేరాక

జనవరిలో చేరింది. కొత్త పంట రాక మొదలయ్యే రోజులు. మే మధ్యలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేదాకా ల్యాబ్‌కు ఊపిరి ఆడదు. కొత్త మనిషిని సీజన్ మధ్యలో చేర్చడం ప్రమాదమే. కానీ ఆరు నెలల పని మూడు నెలల్లో కనిపిస్తుంది.

మొదటి ఇబ్బంది ఊహించిందే, పొడి. రెండో వారంలో దగ్గు మొదలైంది. గుడ్డ మాస్క్ పనిచేయదు, ఎన్95 కావాలి. గ్రైండర్‌ను ఫ్యూమ్ హుడ్ (గాలిని బయటికి లాగే గూడు) కిందికి జరపాలి, మచ్చులన్నీ ఒకే విడతగా పొద్దున్నే పొడి కొట్టి డబ్బాల్లో మూత పెట్టాలి. నైట్రైల్ గ్లవ్స్ తీసిన చేత్తో కంటిని తాకకూడదు. మిరపకు ఘాటునిచ్చే కాప్సైసిన్ నీళ్లతో పోదు. చర్మం మీదైతే ముందు నూనె రాసి తుడిచి తర్వాత సబ్బు. గ్రైండర్ జరిపించడానికి ఇన్‌చార్జిని అడగడం ఆమెకు కష్టమైంది. నాన్న ఆ రోజు అన్న మాటే ఆమె ఇన్‌చార్జితో చెప్పింది. జరిపారు.

రెండో ఇబ్బంది వేగం. మొదట రోజుకు ఆరు మచ్చులు దాటలేదు. ఇక్కడ "త్వరగా చేయి" అనడం పనికిరాదని మాక్ టెస్టులే చెప్పాయి. తొందరపెడితే శుద్ధత పడిపోతుంది. చేతి వేగం పెంచకుండా పని వరుస మార్చాలి. రంగు పరీక్షకు 16 గంటలు కావాలి కాబట్టి సాయంత్రం నాలుగున్నరకు అసిటోన్‌లో వేస్తే పొద్దున ఎనిమిదిన్నరకు రీడింగ్ సిద్ధం. తేమ ఉపకరణం మరుగుతుండగా బూడిద మూసలు తూయాలి. తూకాలన్నీ ఒక విడతలో, రీడింగులన్నీ ఒక విడతలో. ఇలా పెడితే ఏప్రిల్ నాటికి రోజుకు పదకొండు మచ్చులు అవుతున్నాయి. ఒక్కో మచ్చు మీద ఆమె పెట్టే సమయం పెద్దగా తగ్గలేదు, మధ్యలో ఖాళీ పోయింది.

మూడోది అసలైన పరీక్ష. ఒక లోడు తేమ 11.8 వచ్చింది. కొనుగోలు విభాగం మనిషి "పదకొండు వేసేయమ్మా, ఎండలో ఆరిపోతుంది" అన్నాడు. వ్యాపారం మార్కు 9 ఉన్న మనిషికి ఎదురు చెప్పడం ఎంత భారమో మాకు తెలుసు. ఈ సందర్భం వస్తుందని ముందే అనుకుని మాట సిద్ధం చేయించాం: "సార్, మళ్లీ రెండు మచ్చులు పెడతాను, వచ్చింది లాగ్‌బుక్‌లో రాసి ఇన్‌చార్జి గారికి ఇస్తాను." ఎదుటివాళ్లతో తగువు పెట్టుకోకుండా పద్ధతి వెనక నిలబడే మాట ఇది. రెండోసారి 11.7, 11.8 వచ్చాయి. ఇన్‌చార్జి సంతకం పెట్టారు, లోడు ఆరబెట్టడానికి వెనక్కి వెళ్లింది. ఆ సాయంత్రం ఫోన్‌లో గొంతు వణికింది గానీ ఉద్యోగం మానేస్తాననలేదు. పొంతన ఉన్న పనిలో మనిషి కష్టాన్ని ఇలా తట్టుకుంటుంది, పొంతన లేని పనిలో ఇంతకన్నా చిన్న మాటకే రాజీనామా రాస్తారు.

పదిహేనో రోజు, నలభై ఐదో రోజు, తొంభయ్యో రోజు అదే అరగంట చిట్టా వారం పాటు నింపించాం. తొంభయ్యో రోజు చిట్టాలో "వద్దు" గడులు మిగిలింది కొనుగోలు విభాగం మాటల దగ్గరే. పొడి వల్ల ఒక్కటీ లేదు.

ఇప్పుడు ముందున్నది చదువు ప్రశ్న. ఫుడ్ ఎనలిస్ట్ కావాలంటే కెమిస్ట్రీ లాంటి సబ్జెక్టులో మాస్టర్స్ డిగ్రీ, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం, ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) పరీక్షలో ఉత్తీర్ణత కావాలి. బీఎస్సీతో ఆ మెట్టు ఎక్కలేరు. పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి రెగ్యులర్ ఎమ్మెస్సీలో చేరితే ఉద్యోగం రెండేళ్లు ఆగుతుంది, ఆ రెండేళ్లు అనుభవం లెక్కలోకి రాదు. హెచ్‌పీఎల్‌సీ తన చేత్తో నడిపే దాకా, కనీసం ఇంకో సీజన్ ల్యాబ్‌లోనే ఉండి తర్వాత ఎమ్మెస్సీకి వెళ్లడం మంచిదని మా అభిప్రాయం. హెచ్‌పీఎల్‌సీ వచ్చిన మనిషికి చదువు అయ్యాక తిరిగి చేరడం తేలిక, జీతం దగ్గర గట్టిగా మాట్లాడే వీలూ ఉంటుంది. నాన్న మాత్రం వెంటనే చదవమంటున్నారు. జూన్‌లో యార్డు సెలవుల్లో ముగ్గురూ కలిసి వస్తామన్నారు. అప్పటికి ఫీజు, హాస్టల్ ఖర్చు, రెండేళ్లలో పోయే జీతం కాగితం మీద వేసుకుని రమ్మన్నాం.